తీర్పుతో తీరని కేసు

అమెరికాలోని మయామీ నగరం. 2000 సంవత్సరం. కౌంటీ కోర్టులో చిన్నాచితకా నేరాల కేసులు వినే జడ్జి స్టీవ్ లీఫ్‌మన్ దగ్గరకు ఓ తల్లీతండ్రీ వచ్చారు. ఆ రోజు విచారణకు రానున్నది వాళ్ల కొడుకే. అతనికి ఎలాగైనా వైద్యం అందేలా చూడమని ప్రాధేయపడ్డారు. జడ్జిగారు సరేనన్నారు.

ఆ కొడుకు మామూలు మనిషి కాదు. హార్వర్డ్‌లో చదువుకున్న సైకియాట్రిస్టు! ఎందరికో మానసిక వైద్యం చేసిన ఆయనే స్కిజోఫ్రీనియా బారినపడి, గూడు లేక వీధుల్లో తిరుగుతూ పోలీసులకు చిక్కాడు. కోర్టులో అడుగుపెట్టాక అతని అలజడి ఇంకా పెరిగింది. కన్నవాళ్లను కూడా శత్రువులనుకుని కేకలు పెట్టాడు. విచారణను అర్థం చేసుకునే స్థితిలో లేడని నిపుణులు తేల్చారు. అయితే అంత చిన్న నేరంలో నిందితుణ్ని బలవంతంగా ఆసుపత్రికి పంపే అధికారం చట్టం ఆ జడ్జికి ఇవ్వలేదు. చేయగలిగిందల్లా వదిలేయడమే. ఇచ్చిన మాట నిలబెట్టుకోలేక, ఆ రోగిని మళ్లీ అదే వీధిలోకి పంపేశారు లీఫ్‌మన్.

ఆయన్ను అది చాలాకాలం వెంటాడింది. నిజానికి అలాంటి బాధ ఆయనకు కొత్త కాదు. పదిహేడేళ్ల వయసులో ఓ ప్రజాప్రతినిధి దగ్గర పనిచేస్తూ ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి వెళ్లినప్పుడు, మంచానికి కట్టేసి ఉన్న ఓ కుర్రాణ్ని చూశారు. ఆ పిల్లాడికి ఉన్నది పిచ్చి కాదు, ఆటిజం.

బల్ల దిగి...

జడ్జి కుర్చీలో కూర్చుని ఏమీ చేయలేనని అర్థమయ్యాక లీఫ్‌మన్ కిందికి దిగారు. పోలీసులు, ప్రాసిక్యూటర్లు, డిఫెన్స్ లాయర్లు, డాక్టర్లు, రోగుల కుటుంబాలు... అందర్నీ ఒకచోట కూర్చోబెట్టారు. అప్పటిదాకా ఎవరి పని వాళ్లు చేసుకుపోతున్నారు. రోగి మాత్రం వీధికీ జైలుకీ ఆసుపత్రికీ మధ్య బంతిలా తిరుగుతున్నాడు. ఆ సమావేశాల్లోంచే 2000లో ‘క్రిమినల్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టు’ పుట్టింది.

మొదటి పని పోలీసులతో. రోడ్డు మీద తనలో తాను అరుచుకుంటున్న మనిషి కనిపిస్తే బేడీలు తీయకుండా ముందు ఎలా మాట్లాడాలి, ఎంత దూరంలో నిలబడాలి, ఎక్కడికి తీసుకెళ్లాలి... ఇవన్నీ 40 గంటల శిక్షణలో నేర్పుతారు. వేల మంది పోలీసులు ఆ శిక్షణ పొందారు. ఇక రెండో పని జైలు దగ్గర. చిన్న నేరాలకు పట్టుబడినవాళ్లలో జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లను గుర్తించి చికిత్సకు పంపుతారు. ఒప్పుకుని వైద్యం చేయించుకుంటే కేసు ఎత్తేసే వీలుంటుంది. మందుల చీటీ చేతిలోపెట్టి వదిలేయరు. తలదాచుకునే చోటు, ప్రభుత్వ సాయం వచ్చేలా చూస్తారు. తోడుగా ఓ మనిషిని ఇస్తారు. ఆ తోడు ఎవరంటే, ఒకప్పుడు అదే జబ్బుతో బాధపడి కోలుకున్నవాళ్లు!

లెక్క తేలింది

‘జడ్జికి ఇవన్నీ ఎందుకు?’ అనేవాళ్లకు లెక్కలే జవాబు చెప్పాయి. పదేపదే పట్టుబడుతున్న 97 మంది వివరాలు తీయిస్తే, అయిదేళ్లలో దాదాపు 2,200 సార్లు అరెస్టయ్యారని తేలింది. జైల్లో గడిపిన రోజులన్నీ కలిపితే 27 వేలు. కోట్ల డాలర్లు ఖర్చయినా ఎవరి జబ్బూ నయం కాలేదు.

కొత్త పద్ధతి వచ్చాక, చిన్న నేరాల్లో మళ్లీ పట్టుబడేవాళ్లు సుమారు 75 శాతం నుంచి 20 శాతానికి తగ్గారు. 2010 తర్వాతి కొన్నేళ్లలో శిక్షణ పొందిన పోలీసులు మానసిక సమస్యలకు సంబంధించి లక్షకు పైగా ఫోన్‌కాల్స్‌కు స్పందిస్తే, అరెస్టులు రెండు వందలకు మించలేదు. ఖైదీలు తగ్గి కౌంటీలో ఒక జైలునే మూసేశారు. 2015లో అమెరికా సుప్రీంకోర్టులో జరిగిన వేడుకలో లీఫ్‌మన్ రెన్‌క్విస్ట్ పురస్కారం అందుకున్నారు.

అన్నీ సాఫీగా సాగిపోలేదు. చికిత్స, వసతి, పని నేర్పడం ఒకే కప్పు కింద ఉండేలా ఓ కేంద్రం కట్టాలన్నది ఆయన కల. అందుకు డబ్బు సమకూర్చేందుకు 2004లోనే ఓటర్లు ఒప్పుకున్నారు. ఏడంతస్తుల ఆ భవనం సిద్ధం కావడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. ఆ తర్వాతా నిర్వహణ ఖర్చు ఎవరు భరించాలన్న చర్చతో తలుపులు తెరవడం ఆలస్యమైంది.

మన వీధిలోనూ...

మన బస్టాండ్లలో, గుడి మెట్ల దగ్గర ఇలాంటివాళ్లు కనిపిస్తూనే ఉంటారు. చూసీ చూడనట్లు పక్కకు తప్పుకుంటాం. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న రోగిని రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లో ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాల్సిన బాధ్యత పోలీసులదే. లాకప్‌లోనో జైల్లోనో పెట్టడానికి వీల్లేదు. ఇంట్లో ఎవరికైనా ఇబ్బంది ఉంటే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్‌చేసి తెలుగులోనే సలహా అడగొచ్చు.

చట్టం కాగితం మీద ఉంటే సరిపోదు, దాన్ని మనిషి దాకా తీసుకెళ్లేవాళ్లు కావాలి. ఆ తల్లిదండ్రులకు ఇచ్చిన మాటను లీఫ్‌మన్ ఆ రోజు నిలబెట్టుకోలేకపోయారు. ఆ తర్వాత మరెందరో కన్నవాళ్ల విషయంలో నిలబెట్టుకున్నారు.