మత్తు డాక్టరమ్మ రూపాబాయి

మత్తు ఇచ్చే డాక్టరు ముఖం రోగికి గుర్తుండదు. కోత కోసిన సర్జన్ పేరు ఇంటిల్లిపాదీ ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. ఆపరేషన్ జరిగిన మూడు గంటలూ తలాపున కూర్చున్న మనిషి పేరు ఎవరూ అడగరు. అందుకేనేమో, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో పుట్టిపెరిగిన వాళ్ళకు కూడా డాక్టర్ రూపాబాయి ఫర్దూంజీ పేరు తెలియదు. ప్రపంచంలోనే తొలి మహిళా ఎనస్థీషియా వైద్యురాలని మా శాఖలో చెప్పుకునేది ఈమె గురించే.

పార్సీల ఆడపడుచు. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన తొలి ఐదుగురు స్త్రీలలో ఒకరు. 1889లో హకీం అనే వైద్య పట్టా అందుకునే నాటికి ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ పెద్ద వాదంలో తలమునకలై ఉన్నారు. క్లోరోఫాంతో రోగి పోతే ముందు ఆగేది గుండా, ఊపిరా? అది తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చారు. లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చారు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, ఊపిరే ముందు ఆగుతుందని తేల్చారు. అది సగం నిజమే. క్లోరోఫాం కొద్ది మోతాదులోనూ గుండె లయను ఉన్నట్టుండి చెడగొట్టగలదని 1911లో లెవీ అనే పరిశోధకుడు చూపించారు. అయినా ఊపిరి మీంచి దృష్టి మళ్ళించకూడదన్న హైదరాబాదు పట్టుదల నాకు ఇప్పటికీ గొప్పగానే తోస్తుంది.

ఆ పట్టుదల విలువ నాకు ఓ ఆపరేషన్‌లో తెలిసింది. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళతో వచ్చిన ఒకావిడ టేబుల్ మీద నా చెయ్యి పట్టుకుంది. "చిన్నోడు బయట ఒక్కడే ఉన్నడు సారూ. నేను లేసేదాక మీరు ఈడనే ఉంటరు గదా?" ఉంటానమ్మా అన్నాను. మాస్కు లోపల ఆవిరి పట్టి, చెదిరి, మళ్ళీ పట్టింది. తెర మీద అంకెలన్నీ ఉన్నా నా వేళ్ళు ఆమె దవడ కిందే ఉన్నాయి. రూపాబాయికి తెర లేదు, ఆక్సిజన్ అంకె లేదు. గుడ్డ మీద క్లోరోఫాం చుక్కలు వేస్తూ, ఛాతీ లేవడం చూస్తూ, ఊపిరి చప్పుడు వింటూ గడిపిన ఉద్యోగం అది. మగ డాక్టరు ఎదుటికి రావడానికే పరదా స్త్రీలు జంకే కాలంలో, తమ ముఖం మీద గుడ్డ పెట్టేది ఒక ఆడమనిషి అని తెలియడం వాళ్ళకెంత ధైర్యమో నాకు ఆ టేబుల్ దగ్గరే అర్థమైంది.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ముంచేసింది. అక్కడే తరవాత ఉస్మానియా ఆసుపత్రి లేచింది. వరద వచ్చిన మరుసటి ఏడాదే ఆమె ఎడిన్‌బరోకు ప్రయాణమయ్యారు. ఎనస్థీషియాకు డిప్లొమా లేని రోజులవి. ఫిజిక్సు, కెమిస్ట్రీ చదివారు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి మళ్ళీ విద్యార్థిగా బెంచీ మీద కూర్చున్నారు! నాకైతే అది చాలా తెలివైన ఎంపిక అనిపిస్తుంది. మన మే నెల ఎండలో క్లోరోఫాం ఎంత తొందరగా ఆవిరవుతుంది, పీల్చే గాలిలో అది ఎంత పాలు కలుస్తుంది అన్నదాని మీదే రోగి ప్రాణం ఆధారపడి ఉండేది. తిరిగొచ్చి 1917 దాకా ఇక్కడి ఆసుపత్రుల్లో మత్తు ఇచ్చారు. నేటి సుల్తాన్‌బజార్ ఆసుపత్రి, అంటే నాటి రెసిడెన్సీ ఆసుపత్రి, వాటిలో ఒకటి.

డాక్టర్లమయ్యాక ఈ గ్యాస్ సూత్రాలెందుకు సార్ అని పీజీలు విసుక్కున్నప్పుడు రూపాబాయి ఎడిన్‌బరో ప్రయాణం చెప్తాను. మగపిల్లలు ఆమె అక్కడ చదివిన చదువు గురించి అడుగుతారు. ఆడపిల్లలు మాత్రం, "ఇంట్లో ఎట్లా ఒప్పుకున్నారు సార్?" అంటారు.