ఎండిన చెరువూ ఖాళీ కాదు!
బెంగళూరు–చెన్నై దారిలో వెళ్లేవాళ్లకు పలమనేరు టీ తాగే ఊరు. బెంగళూరులో కోడింగ్ చేసుకునే నాకు మాత్రం సెలవు దొరికితే బైనాక్యులర్స్‌తో వాలిపోయే ఊరు.

నవంబరు వానలకు చెరువు నిండితే బుడుబుంగలు మునకలేస్తాయి, నీటికాకులు రెక్కలారబెట్టుకుంటాయి. సంక్రాంతి దాటాక నీళ్లు తగ్గి బురద తేలితే ఉల్లంకి పిట్టల వంతు. సైబీరియా వైపు పుట్టి, చలికాలానికి ఇంతదూరం వచ్చే ఈ బుల్లి పిట్టలకు ఆ బురదలో పురుగులే విందు. కౌండిన్య ఏటి గట్టున లకుముకి పిట్ట మాత్రం ఏడాదంతా కాపలానే.

ఎండాకాలం చెరువు నెర్రెలిస్తే, "ఇంకేముందక్కడ?" అంటారు మావాళ్లు. ఉంది! తీతువు గూడు కట్టదు. వట్టి నేలమీదే చిన్న గుంటలో నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టిరంగులో కలిసిపోయే ఆ గుడ్లు ట్రాక్టరు నడిపేవాళ్లకు కనపడవు. నెత్తిమీద తీతువు అరిస్తే అపశకునమని తిట్టుకోకండి. కాస్త పక్కనుంచి నడవండి. అది పిల్లల్ని కాచుకుంటోంది.