ఒకసారి నడిపి చూస్తాను

"బాబుకా మేడం?" అన్నాడు దుకాణంలో అబ్బాయి.

మార్కాపురంలో పాత మోటారు సైకిళ్లు కొని అమ్మే చోటు అది. రేకుల పందిరి కింద వరసగా బళ్లు. ఫైనాన్సు కంతులు కట్టలేక వదిలేసుకున్నవి కొన్ని, కొత్తది కొనుక్కుని పాతది ఇచ్చేసి పోయినవి కొన్ని. నేను చూపించింది నీలం రంగు యమహా ఆర్ 15, మూడో వెర్షన్. కుర్రాళ్లు పొట్ట ట్యాంకుకి ఆనించి, తల వంచుకుని, గిద్దలూరు రోడ్డు మీద రివ్వున పోతుంటారే, ఆ బండి.

"కాదు, నాకే" అన్నాను.

అతను నవ్వాడు. ఎగతాళి కాదు, ఏమనాలో తోచని నవ్వు. "సార్ రాలేదా మేడం? సార్‌ని తీసుకురండి. ఒక రౌండేసి చూసుకుంటారు" అన్నాడు.

తీసుకురావడానికి సార్ లేరు. తొమ్మిదేళ్లుగా మేం వేరువేరుగా ఉంటున్నాం. బియ్యం కార్డు దగ్గర, బ్యాంకులో, అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు చెప్పుకోవలసి వచ్చిన ఆ సంగతి పాత బళ్ల దుకాణంలో కూడా చెప్పబుద్ధి కాలేదు. "నడిపేది నేను కదా. ఒకసారి నడిపి చూస్తాను" అన్నాను.

నాకు నలభై ఏడేళ్లు. గిద్దలూరు దగ్గర ఒక పల్లెలో హైస్కూలు పిల్లలకి సోషల్ చెప్తాను. అమ్మ మార్కాపురంలో ఒక్కతే ఉంటుంది. శనివారం బడి వదలగానే కంభం మీదుగా అమ్మ దగ్గరికి, ఆదివారం సాయంత్రం మళ్లీ వెనక్కి. రైలు వేళలు నా వేళలతో కలవవు. బస్సు కోసం నిలబడ్డ సాయంత్రాలన్నీ కూడితే ఎన్ని నెలలవుతాయో. నా స్కూటీ ఊళ్లో తిరగడానికి బాగానే ఉంటుంది గానీ అంత దూరం, లారీల పక్కన, గాలికి ఊగిపోతుంది. బండి ఎందుకని అడిగిన వాళ్లందరికీ ఇదే చెప్పాను. ఇందులో అబద్ధం లేదు. కానీ మొత్తం నిజం కూడా ఇది కాదు. అవసరమే అయితే మైలేజీ ఇచ్చే మామూలు బండి ఏదైనా చాలు. ఆ నీలం బండే ఎందుకంటే, నాకిష్టం. అంతే. 'అవసరం' అన్నప్పుడు నా గొంతు సాఫీగా పలుకుతుంది. 'ఇష్టం' అనాలంటే మాత్రం ఇప్పటికీ ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టే ఉంటుంది. మీలో చాలామందికి ఈ తేడా తెలిసే ఉంటుంది.

ఈ ఇష్టానికి చాలా వయసుంది. నాయన పలకల ఫ్యాక్టరీలో గుమాస్తా. ఆయనకి ఇండ్ సుజుకీ ఉండేది. 1991 వేసవిలో, ఫ్యాక్టరీ మూసి ఉండే ఆదివారాలు, ఆ ఆవరణలో పలకరాళ్ల గుట్టల మధ్య నాకు బండి నేర్పాడు. అప్పుడు నాకు పదమూడేళ్లు. క్లచ్చి ఒక్కసారిగా వదిలేసి బండి ఆపేస్తుంటే "వదలొద్దమ్మా, జారనియ్యి" అనేవాడు. ఆ 'జారనియ్యి' నా చేతికి అర్థమైన రోజు ఎంత సంబరమో! దసరా నాటికి పెద్దమనిషినయ్యాను. ఆ తరవాత ఆదివారాలు నాయన వెంట ఫ్యాక్టరీకి తమ్ముడు వెళ్లాడు. నన్ను ఎవరూ వద్దనలేదు. నేనూ అడగలేదు. వద్దని చెప్పకుండానే ఆగిపోయిన పనులు ఆడపిల్లల జీవితాల్లో ఎన్నో కదా!

అదే ఏడాది చివర్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం ఆడవాళ్లకి సైకిలు నేర్పడం మొదలుపెట్టింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ దాన్ని నెత్తికెత్తుకున్నారు. లక్షమందికి పైగా పల్లె ఆడవాళ్లు నేర్చుకున్నారు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తరవాత, పి. సాయినాథ్ పుస్తకం చదివితే తెలిసింది. అందులో నాకు బాగా గుర్తుండిపోయింది ఒకటుంది. లేడీస్ సైకిళ్లు చాలక చాలామంది జెంట్స్ సైకిళ్లు తీసుకున్నారు. కొందరైతే అవే మేలన్నారు, ముందున్న కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని. ఏ బండి ఎవరిదో తయారుచేసినవాళ్లు నిర్ణయించారు. తొక్కినవాళ్లు ఆ నిర్ణయాన్ని మార్చేశారు.

మనకోసం చేసిన ఏర్పాట్లు వేరే ఉన్నాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం మోటారు సైకిలు మీద వెనక కూర్చునే మనిషి గురించి. పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్లు ఆనించుకునే చోటు ఉండాలి, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే అడ్డు ఉండాలి. ఆ అడ్డునే మనం శారీ గార్డు అంటాం. ఎన్నో ప్రాణాలు కాపాడే నియమం, తప్పు పట్టను. కానీ మోటారు సైకిలు దగ్గర మనకంటూ ఏర్పడ్డ చోటు ఏదో ఆ పేరే చెప్తుంది. చీర వెనక సీటు మీద ఉంటుంది.

ఆ సీటు మీద నేను పదిహేడేళ్లు ఒక పక్కకి తిరిగి కూర్చున్నాను. గిద్దలూరు నుంచి మార్కాపురం వస్తుంటే దూరంగా నల్లమల, తిరిగి వెళ్తుంటే అవతలి పక్క చేలు. ఆ దారికి రెండు పక్కలూ నాకు కంఠతా వచ్చు. ఎదురుగా ఏం వస్తోందో మాత్రం ఎన్నడూ తెలియలేదు. ఎదురు చూడాలంటే మెడ తిప్పాలి, తిప్పితే కనిపించేది ఆయన భుజం. గొయ్యి వస్తోందని నాకు తెలిసేది గోతిలో పడ్డాకే.

లైసెన్సు అడిగారు. చూపించాను. పోయిన ఏడాది తోటి టీచరు భర్త బండి మీద, బడి వదిలాక గ్రౌండులో మళ్లీ నేర్చుకుని, ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని, ఎనిమిది అంకె తిప్పి సంపాదించుకున్న గేర్ల బండి లైసెన్సు. దుకాణం యజమాని దాన్ని రెండువైపులా తిప్పి చూశాడు. ఆర్‌సీ, ఇన్సూరెన్సు నేనడిగి చూశాను. బండి మీద ఫైనాన్సు వాళ్ల అప్పు తీరినట్టు ఆర్‌సీలో ఎక్కిందా అని అడిగాను. అప్పుడు కుర్చీ వేశారు.

మామూలుగా దుకాణం మనిషి ఒకరు వెనక కూర్చుని వస్తారట. మెకానిక్కు కుర్రాడు నా వెనక ఎక్కనన్నాడు. "స్ప్లెండర్ మీద ఎనకమాల వస్తాలే అన్నా" అన్నాడు యజమానితో. నాకూ అదే నయమనిపించింది.

బండి 142 కిలోలు. సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. అంటే రెండు కాళ్లూ ఆనవు, మునివేళ్లు ఆనతాయి. ఒక కాలు పూర్తిగా ఆనించాలంటే బండిని కొంచెం వంచుకోవాలి. హ్యాండిల్ కిందికి ఉంటుంది కాబట్టి ముందుకు వంగాలి. మొదటిసారి ఆగిపోయింది. టీ కొట్టు దగ్గరున్నవాళ్లు లేచి నిలబడి చూస్తున్నారు. 'వదలొద్దు, జారనియ్యి' అనుకున్నాను. జారింది.

కంభం రోడ్డెక్కాక ఊరు పలచబడింది. 155 సీసీ ఇంజను, ఆరు గేర్లు. ముల్లు ఏడు వేలు దాటాక దాని గొంతు మారుతుంది, అప్పటిదాకా మాటలాడుతున్న మనిషి పాట అందుకున్నట్టు. నేను అక్కడిదాకా రెండుసార్లే తీసుకెళ్లాను. భయం లేదని అనను. కానీ ఆ భయం నాది, ఎంత కావాలో అంతే తెచ్చుకోగలను, చెయ్యి వెనక్కి తిప్పితే తగ్గుతుంది. పెళ్లయిన ఇంట్లో ఇన్నేళ్లూ తెలిసిన భయం ఇలా ఉండేది కాదు.

ఎదురుగా దారి కనిపించింది. తారు మీద ఎండమావి, దాని వెనక మలుపు, మలుపులో గొర్రెలు. గొయ్యి రాకముందే కనిపించింది.

గొర్రెల దగ్గర ఆపవలసి వచ్చింది. రోడ్డు అంచున కంకర. మునివేళ్లు జారాయి, బండి ఒరిగింది. పడలేదు, మోకాలితో ఆపాను. మెకానిక్కు కుర్రాడు స్ప్లెండర్ అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "పర్లేదు నాయనా" అన్నాను, నాకే చెప్పుకుంటున్నట్టు.

తిరిగి వచ్చేసరికి యజమాని అన్నాడు: "బరువు కదా మేడం. లేడీస్‌కి కష్టం. స్కూటర్లు ఉన్నాయి, చూపించమంటారా?"

నాకు చప్పున నోటికొచ్చిన మాట: "అవునండీ, మా అమ్మ దీని వెనక కూర్చోలేదు."

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. నడిపింది నేను. నచ్చిందా లేదా అని నాకు నేను వేసుకోవలసిన ప్రశ్నకి అమ్మ మోకాళ్లు ఎందుకు అడ్డొచ్చాయి? 1999లో నా పెళ్లిచూపుల్లో "రెండడుగులు నడువమ్మా" అన్నారు. నడిచాను. పేపరు ఇచ్చి చదవమన్నారు. చదివాను. నచ్చిందన్నారు. పదిహేడేళ్ల తరవాత నచ్చలేదన్నారు. ఆ రెండుసార్లూ నడిపి చూసింది వాళ్లు, నడిచి చూపించింది నేను. చూడబడటం అలవాటైనదానికి, చూసి నిర్ణయించే చోట నిలబెడితే, ఏం చూడాలో తోచదు. ఎదుటివాళ్ల కారణాలే తెచ్చి ముందు పెడుతుంది.

మార్కాపురం ఇళ్లలో పలకలకి కరువా? అటక మీది పాత పలక తీసి నడిమికి గీత గీశాను. ఒక పక్క నా కారణాలు, ఇంకో పక్క ఇతరులవి. అమ్మ కూర్చోలేదు, ఈ వయసులోనా అంటారు, బడికి ఎలా వేసుకెళ్తావంటారు, చీరకి కుదరదు, విడిపోయిన ఆడమనిషికి ఈ బండి ఏంటంటారు – ఆ పక్క నిండిపోయింది. నా పక్క రెండే: కాలు ఆనడం లేదు, మణికట్టు నొప్పి. నచ్చినవి కూడా రాయాలి కదా అని కింద ఆ గొంతు మారడం, ఎదురుగా దారి అని రాశాను. అమ్మ వచ్చి చదివింది. "నేనెందుకున్నాను ఇందులో? నేను బస్సుకి పోతాలేమ్మా, నన్ను తుడిచెయ్" అంది. ఆ పక్కంతా తడిగుడ్డతో తుడిచేశాను.

తరవాతి ఆదివారం మళ్లీ వెళ్లి, ఈసారి కంభం దాకా నడిపి చూస్తానన్నాను. రెండోసారి ఎవరూ అడగరన్నాడు యజమాని. పెట్రోలు నాదన్నాను. కంభం చెరువు కట్ట దగ్గర ఆపి దిగాను. గుండ్లకమ్మకి అడ్డంగా కట్టిన ఆ చెరువును వందల ఏళ్ల కిందట కట్టించింది వరదరాజమ్మ అనే రాణి అని మా ప్రాంతమంతా చెప్పుకుంటారు. పిల్లలకి ఏటా ఆ పాఠం చెప్తాను. కట్ట ఎక్కడ వేస్తే నీరు నిలుస్తుందో చూసుకుని ఉంటుందిగా ఆవిడ, అనుకున్నాను. మణికట్లు రెండూ పట్టేశాయి. మెడ వెనక సలుపు. తిరుగుప్రయాణంలో గొంతు మారే దాకా ఇంకోసారి తీసుకెళ్లాను, సెలవు తీసుకున్నట్టు.

"వద్దండీ" అన్నాను తాళం ఇచ్చి.

"నేను ముందే చెప్పాగా మేడం, లేడీస్‌కి..."

"బరువు వల్ల కాదు. మణికట్టు వల్ల. వారం వారం అంత దూరం వంగి కూర్చోలేను. ఆ పక్కనున్న ఎఫ్‌జెడ్ తీయించండి. సీటు 790 అని చదివాను. అదీ నడిపి చూస్తాను" అన్నాను.

అతను నా మాట నమ్మలేదు. ఈపాటికి నలుగురికీ 'ఒక టీచరమ్మ వచ్చి నడపలేక వదిలేసింది' అని చెప్పి ఉంటాడు. అది నన్ను కొంచెం బాధపెట్టింది, ఒప్పుకుంటాను. ఒక ఆడది వద్దంటే చేతకాకనే అంటారు. కావాలంటే తెగించిందంటారు. నచ్చలేదు అనే మాటకి చోటు దొరకదు. 2018లో జై భారతి, మరో ముగ్గురు స్త్రీలు హైదరాబాదు నుంచి మెకాంగ్ నది దాకా ఆరు దేశాల మీదుగా మోటారు సైకిళ్లపై పదిహేడు వేల కిలోమీటర్లు వెళ్లివచ్చారు. అలాంటి వార్తలు చదివి ధైర్యం తెచ్చుకున్న మాట నిజమే. అయితే నాకు కావలసింది అంత దూరం కాదు, కంభం దాకా వెళ్లొచ్చి 'ఇది నాకు సరిపడదు' అనగలిగే వీలు. గెలవకపోయినా ఓడిపోని చోటు.

ఎఫ్‌జెడ్ మీద పాదం ఆనింది. దాని గొంతు మాత్రం ఏ వేగంలోనూ మారలేదు, అదొక లోటు. ఇంకా తేల్చుకోలేదు. పేరు మార్చే ఫారం ఇచ్చారు, చదువుకుంటానని తెచ్చుకున్నాను. కొన్నవాళ్ల పేరు పక్కన కొడుకు, భార్య, కూతురు అని ఉంది. కొంటే, ఆ ఖాళీలో ఇండ్ సుజుకీ నేర్పిన మనిషి పేరు రాస్తాను. తొందరేం లేదు. వచ్చే ఆదివారం దాన్ని కూడా కంభం దాకా నడిపి చూడాలి.