తుడవకముందు చూడండి

కువైట్‌లోని షువైఖ్ పారిశ్రామికవాడలో గ్యారేజీల మధ్య నడుస్తుంటే ఎక్కడో ఒకచోట గోదావరి యాస వినబడుతుంది. డ్రైవర్లుగా, మెకానిక్కులుగా కోనసీమ నుంచి ఇక్కడికొచ్చిన వాళ్ళం చాలామందిమి. నాది రావులపాలెం. నా పనంతా గేరుబాక్సులు, డిఫరెన్షియళ్ళ మీదే. ఆయిలు దింపగానే ముందు డ్రెయిన్ బోల్టు చేతిలోకి తీసుకుని వెలుతురుకి తిప్పి చూస్తాను.

కొన్ని బళ్ళలో ఆ బోల్టు కొసన చిన్న అయస్కాంతం ఉంటుంది. గేరు పళ్ళూ బేరింగులూ ఒరుసుకుని రాలే ఇనప రజను ఆయిల్లో తిరుగుతూ వచ్చి దానికి అంటుకుంటుంది. ఇంజనుకైతే ఫిల్టరుంది. మాన్యువల్ గేరుబాక్సుకీ, వెనక క్రౌనుకీ, అంటే డిఫరెన్షియల్‌కీ, చాలా బళ్ళలో అదీ ఉండదు. రాలిన రజను మళ్ళీ పళ్ళ మధ్యకే పోయి ఇంకాస్త అరగదీస్తుంది. అందుకే ఇంజను కంటే ముందు గేరుబాక్సుకీ క్రౌనుకీ అయస్కాంతం బోల్టు ఉండాలంటాను.

హోండా ఆటోమేటిక్ గేరుబాక్సుల డ్రెయిన్ బోల్టుకి కంపెనీవాళ్ళే దీన్ని పెట్టి ఇస్తారు. చాలా ఆటోమేటిక్ బళ్ళలో పాన్ అడుగున అయస్కాంతపు బిళ్ళలుంటాయి. హెలికాప్టర్ గేరుబాక్సులోనైతే, ఇనప పలుకు అయస్కాంతం మీద పడి అక్కడి రెండు కరెంటు కొనల్నీ కలిపిందంటే పైలట్ ఎదుట దీపం వెలుగుతుంది. లారీకి ఆ దీపం లేదు. ఆయిలు మార్చిన రోజున మనమే చూసుకోవాలి.

రావులపాలెంలో అరటిగెలలు ఎత్తుకున్న లారీ ఒడిశా వెళ్ళినా, చెన్నై వైపు దిగినా 16వ నంబరు జాతీయ రహదారి మీద పరుగెత్తాల్సిందే. అరటికాయ ఎవరి కోసమూ ఆగదు. దారిలో గేరుబాక్సు పట్టేస్తే మరమ్మతు ఖర్చు ఒకెత్తు, లోడు మగ్గిపోవడం ఒకెత్తు. మా బాబాయి కొడుకు ఆ లోడ్లే తోలుతాడు. ఈమధ్య ఫోన్ చేసి, "అన్నయ్యా, గేరుబాక్సులోంచి కూత వత్తందేటో" అన్నాడు. "ఆయిలు దింపించరా. బోల్టు మట్టుకు తుడవనివ్వకు, ఫొటో తీసి పంపు" అన్నాను. పంపాడు. నల్లటి ముద్దలో మెరుస్తున్న రేకులు కనబడ్డాయి. ఆ బండి లోడుకి వెళ్ళకూడదని గట్టిగా చెప్పాను. విప్పిస్తే ఒక బేరింగు లోపల పెచ్చులు లేచి ఉంది. పళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. బేరింగు మార్చడంతో సరిపోయింది. ఇంకో నాలుగు లోడ్లు తోలి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

బోల్టుకి అంటిన ముద్ద కాటుకలా మెత్తగా, వేళ్ళ మధ్య రాస్తే పలుకు తగలకుండా ఉంటే భయం లేదు. అది మామూలు అరుగుదల. కొత్త బండి మొదటి ఆయిలు మార్పులో కాస్త ఎక్కువే ఉంటుంది. గోటికి తగిలే పలుకులు, రేకులు, సూదుల్లాంటి ముక్కలు కనబడితే లోపల ఏదో విరుగుతోందన్నమాట. అలాగని అయస్కాంతం శుభ్రంగా ఉందని నిశ్చింతగా కూర్చోకూడదు. గేరు మార్చేటప్పుడు పనిచేసే ఇత్తడి రింగులు అరిగితే ఆ పొడి దానికి అంటదు. అల్యూమినియమూ అంతే. అందుకే దింపిన ఆయిలుని ట్రేలోనే ఉంచి ఎండలో చూడాలి. బంగారు రంగు తళుకు అక్కడ తెలుస్తుంది.

ట్రాక్టర్ల సంగతి మరీ ముఖ్యం. చాలా ట్రాక్టర్లలో గేరుబాక్సుకీ, వెనక లిఫ్టుకీ ఒకటే ఆయిలు. గేర్ల దగ్గర రాలిన రజను హైడ్రాలిక్ పంపుకీ వెళ్తుంది. పైగా మన డెల్టాలో దమ్ము చేసేటప్పుడు బండి గంటల తరబడి బురదనీళ్ళలో ఉంటుంది. సీలు పాతదైతే నీళ్ళు లోపలికి దిగి ఆయిలు తెల్లబడుతుంది. దమ్ముల సీజను అవగానే ఒకసారి బోల్టు విప్పించి చూసుకునే రైతుకి లిఫ్టు ఖర్చు తప్పుతుంది.

అయస్కాంతం బోల్టు కొనేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. జిగురుతో అంటించిన అయస్కాంతం ఊడి గేర్లలో పడితే ఉన్న ఆపదకి ఇంకొకటి తోడవుతుంది. బిగించి నొక్కిన రకమే తీసుకోవాలి. మామూలు నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతూ వస్తుంది, కాబట్టి వేడికి తట్టుకునేది అడగాలి. ఇక్కడ కువైట్‌లోని మిత్రీబాలో 2016 జూలై 21న గాలి వేడే 53.9 డిగ్రీలకి చేరింది. అలాంటి ఎండలో బరువుతో నడిచే బండి ఆయిలు ఎంత కాగుతుందో ఊహించుకోండి. మర కూడా పాత బోల్టుతో పోల్చి చూసుకోవాలి. 12 మిల్లీమీటర్ల బోల్టు, 14 మిల్లీమీటర్ల బోల్టు చూపుకి దగ్గరగానే ఉంటాయి. మర కలవనిదాన్ని బలవంతంగా బిగిస్తే అల్యూమినియం పాన్ పాడవుతుంది. వాషరు ప్రతిసారీ కొత్తది వేయాలి.

చాలా షాపుల్లో కుర్రాడు బోల్టు విప్పగానే బనియన్ వేస్టుతో తుడిచేసి పక్కన పెడతాడు. అతని తప్పు కాదు, చూడమని ఎవరూ నేర్పలేదు. రావులపాలెంలో బండి ఉన్న ప్రతివారికీ నా మనవి ఒక్కటే. ఈసారి ఆయిలు మార్పించేటప్పుడు పక్కనే నిలబడి, "బాబూ, తుడవకు, ముందు నాకు చూపించు" అని అడగండి.