నరసాపురం లేసు: ఖాళీ టైములో చేసే పని?

మా అమ్మమ్మగారిది నరసాపురం అంటే ఫ్రెండ్స్ వెంటనే అడిగేది "అంతర్వేది దగ్గరేగా?" అని. అవును. రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి అంతర్వేది. భీష్మ ఏకాదశి రథోత్సవానికి ఆ రేవులో కాలు పెట్టే చోటుండదు.

కానీ ఈ ఊరి పేరు సముద్రాలు దాటింది బట్టల వల్ల. 17వ శతాబ్దంలో ఇక్కడ డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ వ్యాపారం చేశారు, ఓడలు కట్టించారు. పక్కనే ఉన్న మాధవాయపాలెం పేరు మీదే ఒక రకం నూలుబట్టకి 'మడపోలం' అని పేరొచ్చింది. ఆ మాట ఇప్పటికీ ఇంగ్లీషు డిక్షనరీలో ఉంది!

తర్వాత, 19వ శతాబ్దంలో, మిషనరీల ద్వారా లేసు అల్లిక వచ్చింది. దారం, చిన్న కొక్కెం సూది, అంతే. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, ఆడవాళ్లు అల్లి ఇస్తారు, పీసు లెక్కన డబ్బులు. ఆ లేసు విదేశాల్లో టేబుళ్ల మీద పరుచుకుంటుంది. మా అమ్మ ఇంటర్ ఫీజు ఆ డబ్బులతోనే కట్టారట.

అయినా ఇంటి సర్వేకి వచ్చినాయన "ఏం పని చేస్తారండీ?" అంటే అమ్మమ్మ "ఏం లేదండి, ఇంట్లోనే ఉంటాను" అంది. చేతిలో సూది అలాగే ఉంది.

ఈ మాట మీదే ఒక పుస్తకం ఉంది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఇక్కడికొచ్చి పరిశోధన చేసి, 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' రాశారు. వీళ్లని 'గృహిణులు' అనీ, పనిని 'ఖాళీ టైము కాలక్షేపం' అనీ అనడం వల్లే కూలి అంత తక్కువకి సరిపోతోందని ఆమె వాదన. అంటే తక్కువ కూలికి కారణం ఒక మాట!

బెల్జియంలోని బ్రూజ్‌లో లేసు అల్లేవాళ్లని చూడ్డానికే టూరిస్టులు వెళ్తారు. మనకి 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకి రక్షణ దొరికింది, సంతోషం. అల్లే చేతులకి 'పనివాళ్లు' అన్న పేరు ఇంకా రావాలి.

ఈసారి అంతర్వేది వెళ్తే నరసాపురంలో కాసేపు ఆగండి. లేసు కొనేటప్పుడు ధర ఒక్కటే కాదు, ఎన్ని గంటలు పట్టిందో కూడా అడగండి.