రేవులో వద్దనేవాడు

కార్తీకమాసం వచ్చిందంటే ఉద్దానంలో ఆదివారం పూట ఇంట్లో పొయ్యి వెలిగించేవాళ్ళు తక్కువ. కొబ్బరితోటలో చాపలు పడతాయి, జీడిమామిడి చెట్ల మధ్య గాడిపొయ్యి లేస్తుంది. పులిహోర, వంకాయ కూర, పరమాన్నం అయ్యాక మగవాళ్ళు పేకముక్కలు తీస్తారు. పిల్లలు మాత్రం నీళ్ళెక్కడున్నాయా అని చూస్తారు. "పడవెక్కుదాం" అన్న మొదటి కేక వాళ్ళదే. మీ ఇంట్లోనూ అంతే కదూ?

ఎక్కండి. నేను వద్దనడానికి రాలేదు. నీళ్ళ మీద షికారంటే నాకూ సరదాయే. కాకపోతే ఆ పడవకి కాగితం ఎవరిచ్చారు, అందులో ఎంతమంది ఎక్కొచ్చని ఎవరు చెప్పారు, గాలి లేచిన పూట దాన్ని ఆపేది ఎవరు? ఈ మూడూ కాసేపు మాట్లాడుకుందాం. అన్నాలు అరిగేదాకా ఎలాగూ కూర్చోవాలిగా.

పార్కు, పార్కులో చెరువు, చెరువులో హంస మూతి తొక్కుడు పడవ. ఆ వైభవం మనకింకా పూర్తిగా రాలేదు. అది చూడాలంటే హైదరాబాద్ వెళ్ళి హుస్సేన్‌సాగర్ పక్కన లుంబినీ పార్కులో టికెట్టు కొనుక్కోవాలి. మన దగ్గరున్నవి ఊరి బందలు, సోంపేట బీల, సంతబొమ్మాళి వైపు తంపర, బారువలో మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు. పలాస, టెక్కలి వాళ్ళలో చాలామంది మొదటిసారి బోటెక్కింది ఇచ్ఛాపురం దాటి ఒడిశా వెళ్ళి, రంభలోనో బర్కుల్‌లోనో చిలికా సరస్సు మీద. అయితే ఇప్పుడు ఏ పట్టణం చూసినా చెరువు సుందరీకరణే. ముందు చుట్టూ నడకబాట వేస్తారు, తర్వాత ఊరి పేరు పక్కన ఎర్ర గుండె బొమ్మ పెడతారు, ఆ తర్వాత వంతు తప్పకుండా బోటుదే. అందుకని బోటు రాకముందే ఈ కబుర్లు చెప్పుకోవడం మంచిది.

కాగితం సంగతి చూద్దాం. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లాలో ఉన్న రోజుల్లోనే కాలవలకీ రేవులకీ 1890లో ఒక చట్టం చేశారు. ఆ తర్వాత దేశమంతటికీ లోతట్టు జలాల నౌకల చట్టం 1917లో వచ్చింది. నూరేళ్ళు దాటాక దాన్ని తీసేసి 2021లో కొత్తది తెచ్చారు. మర ఉన్న ప్రతి పడవకీ ఇప్పుడు రిజిస్ట్రేషన్ ఉండాలి, సర్వే సర్టిఫికెట్ ఉండాలి, బీమా ఉండాలి, నడిపేవాడి దగ్గర యోగ్యతా పత్రం ఉండాలి. నీళ్ళని కూడా అలల ఎత్తును బట్టి మూడు మండలాలు చేశారు. రెండు మీటర్ల దాకా లేచేవి ఒకటి, 1.2 మీటర్ల దాకా రెండు, 0.6 మీటర్లు మించనివి మూడు. మన చెరువు సాధారణంగా ఆఖరి తరగతిలో పడుతుంది. మర లేని తొక్కుడు పడవలనీ తెడ్డు పడవలనీ స్థానిక సంస్థల దగ్గర నమోదు చేయించే ఏర్పాటు అదే చట్టంలో ఉంది. అంటే హంస మూతి పడవకి పెద్ద దిక్కు పంచాయతీ, లేకపోతే మునిసిపాలిటీ.

ఇన్ని ఉన్నాయి కదా, ఇంకేం భయం అంటారా?

2017లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ బోటు భద్రత మీద మార్గదర్శకాలు అచ్చు వేసింది. అదే ఏడాది నవంబరు 12న, కార్తీక ఆదివారం సాయంత్రం, కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర ప్రైవేటు బోటు తిరగబడి 22 మంది పోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళు. మనలాగే కార్తీకం పుణ్యమా అని బయల్దేరినవాళ్ళు. రెండేళ్ళు తిరగకుండానే 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగింది. పాపికొండలు చూద్దామని 70 మందికి పైగా ఎక్కారు. నది వరద మీద ఉంది. గట్టు మీద నిలబడ్డ చిన్నపిల్లవాడు కూడా ఆ ఎర్రనీటిని చూసి ఈరోజు వద్దనేవాడు. అనాల్సినవాళ్ళు అనలేదు.

ఇవి పెద్ద నదులు, పార్కులో చెరువుకేం అంటారేమో. వడోదరలో హర్ని చెరువు అచ్చంగా ఊరి మధ్య చెరువే. కార్పొరేషన్ దాన్ని ప్రైవేటు సంస్థకి అప్పగించింది. 2024 జనవరి 18న బడి పిల్లలు విహారానికి వచ్చారు. పట్టేదానికి రెట్టింపు మందిని ఎక్కించారు, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. గుజరాత్ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. చెరువు చిన్నదైనంత మాత్రాన మనిషి మునగడానికి కావలసిన లోతు తక్కువ కాదు.

పడవ తిరగబడడానికి బరువొక్కటే కారణం కాదు, ఆ బరువు ఒక పక్కకి జరగడం కూడా. నలుగురు ఒకేసారి సెల్ఫీకి ఎడమ అంచుకి వచ్చారనుకోండి, ఆ పక్క కిందకి వంగుతుంది. వంగిన పక్కకి మిగతావాళ్ళూ జారతారు, లోపల నీళ్ళుంటే అవీ అటే పరిగెడతాయి. ఇక లేవదు. కూర్చున్నవాళ్ళు నిలబడినా, కిందివాళ్ళు మేడ మీదికెక్కినా పడవ నిలకడ తగ్గిపోతుంది. సర్వే చేసే అధికారి ఇంతమందే అని అంకె వేయడం వెనక ఈ లెక్క ఉంది. ఆ అంకెని బోర్డు మీద నా చేతంత అక్షరాలతో రాయాలి. చాలాచోట్ల ఆ బోర్డు మీద ఐస్‌క్రీం ధర కనిపిస్తుంది, అంకె కనిపించదు.

అసలు చిక్కు ఇక్కడుందండీ. చెరువుని వేలంలో పాడుకున్నవాడు ఏడాదికింత అని మునిసిపాలిటీకి కడతాడు. వర్షాకాలం పోగా, పరీక్షల కాలం పోగా వాడికి మిగిలేవి ఆదివారాలూ పండగలే. సరిగ్గా ఆ రోజుల్లోనే వాడు జనాన్ని ఆపాలి. టికెట్టు అమ్మే చేతినే "చాలు, ఇంకెక్కకండి" అనమంటే ఎలా అంటుంది? దొడ్డిలో దాణా అమ్మేవాడినే పశువుల డాక్టరుగా పెట్టుకున్నట్టుంటుంది. "ఏటీ అవదు బాబూ, ఎక్కీయండి" అనే మాటే వినిపిస్తుంది. ఆ మాట అనేవాడు చెడ్డవాడు కాకపోవచ్చు. వాడి కూలి ఎక్కే తలల మీద ఉంది, అంతే. అందుకే నా మటుకు నాకు, చెరువులో బోటు పెట్టే ఏ ఊరైనా మొదట జీతమివ్వాల్సింది టికెట్టుతో సంబంధం లేని ఒక మనిషికి. ఆ మనిషి పని ఒక్కటే, వద్దనడం. తలలు లెక్కపెట్టి వద్దనాలి, గాలి చూసి వద్దనాలి, తాగొచ్చినవాణ్ణి వద్దనాలి. కౌన్సిలరు గారి బావమరిదైనా వద్దనాలి. కాంట్రాక్టరు వాణ్ణి తీసేయలేకుండా ఉండాలి.

కచ్చులూరు తర్వాత ప్రభుత్వం చేసింది కొంత ఈ దారిలోనే ఉంది. 2020 జూన్‌లో బోట్లు తిరిగే చోట్ల తొమ్మిది కంట్రోల్ రూములు తెరిచారు. బోటు కదలాలంటే అక్కడ లెక్క తేలాలి అన్నది ఉద్దేశం. గండిపోచమ్మ, రాజమండ్రి, నాగార్జునసాగర్, శ్రీశైలం అలా వెళ్ళింది ఆ జాబితా. అందులో మనకి అన్నిటికన్నా దగ్గరిది విశాఖ రుషికొండ. అక్కడినుంచి బారువ దాకా చూడాలంటే బాగా పొడుగు చూపు కావాలి.

మన తీరానికి ఇంకో అలవాటుంది. బారువలోనో భావనపాడులోనో సముద్రం చూడ్డానికి వచ్చినవాళ్ళు చేపల పడవ కనబడితే ఓ చుట్టు తిప్పమంటారు. వాళ్ళు మొహమాటానికి తిప్పుతారు. ఆ పడవకున్న కాగితం చేపలకి, మనుషులకి కాదు. కేరళ తానూర్‌లో 2023 మే 7న మునిగిన బోటు చేపల పడవని మార్చి షికారు పడవ చేసిందే. అక్కడా పోయింది 22 మంది. వలకోసం కట్టిన పడవ మీద మేడ కడితే అది తన పాత నిలకడని పోగొట్టుకుంటుంది.

అలాగని మన మత్స్యకారుల్ని దూరం పెట్టమని కాదు, సరిగ్గా దానికి ఎదురు. పూరీ వెళ్ళారా ఎప్పుడైనా? అక్కడ సముద్రస్నానంలో యాత్రికుల చెయ్యి పట్టుకుని దింపే, మొనదేలిన బుట్ట టోపీలు పెట్టుకునే మనుషులుంటారు. ఒడియావాళ్ళు వాళ్ళని నోలియాలంటారు. అడిగి చూడండి, తెలుగే మాట్లాడతారు. మన తీరం నుంచి వలస పోయినవాళ్ళే. పూరీలో వాళ్ళ పేటకి పెంటకోట అని పేరు కూడా ఉంది. ఎంత గొప్పింటి యాత్రికుడైనా నోలియా "ఇంక లోపలికి వద్దు" అంటే ఆగుతాడు. వాడి మాటకి అక్కడ విలువుంది కాబట్టి.

మనం ఆ విలువ ప్రమాదం అయ్యాక ఇస్తాం. గజఈతగాళ్ళని పిలవండి అంటాం. కచ్చులూరులో మునిగిన బోటుని నెల దాటాక, అక్టోబరు 22న పైకి తెచ్చింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. లంగర్లూ ఇనుప తాళ్ళూ వేసి, ప్రవాహంతో పెనుగులాడి తీశారు. అలాంటి అనుభవం ఉన్నవాళ్ళని బోటు మునగక ముందే రేవులో కూర్చోబెడితే ఎంత బాగుండేది! ఊరంతా కలిసి సామూహికంగా పెళ్ళిళ్ళు చేసుకునే నువ్వలరేవులో, భావనపాడులో, బారువలో గాలి వాసన పట్టి సముద్రం సంగతి చెప్పే కుర్రాళ్ళున్నారు. గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ ఉంది. బోటు నడపడం, మనిషిని కాపాడడం అక్కడ నేర్పి సర్టిఫికెట్ ఇస్తారు. పలాస–కాశీబుగ్గ మునిసిపాలిటీ రేపు ఏ చెరువులో బోటు దింపినా, ముందు నలుగురు కుర్రాళ్ళని అక్కడికి పంపితే హంస బొమ్మకి పెట్టే ఖర్చు కన్నా అది సార్థకం.

మన షికారు కాలమూ తుఫాను కాలమూ ఒకటేనని మరచిపోకండి. తిత్లీ మనమీద పడింది 2018 అక్టోబరు 11న. కొబ్బరీ జీడీ నేలకూలిన ఆ తెల్లవారు ఉద్దానంలో ఎవరికి గుర్తులేదు? కళింగపట్నం ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. చెరువుగట్టున ఎగరేసేది ఎవరు? అదీ ఆ వద్దనే మనిషి పనే. ఇంకొకటి, తేలినీలాపురం చింతచెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ చుట్టుపక్కల తంపర నేలల్లో మేత వెతుక్కుంటాయి. ఆ నీళ్ళల్లో మరబోటు దింపాలని ఎవరికైనా బుద్ధిపుడితే, చిలికాలో నలబణ పక్షుల దీవి దగ్గరికి బోట్లని ఎందుకు రానివ్వరో కనుక్కుని రండి. కొన్ని చోట్ల బోటుకి అనుమతి ఇవ్వకపోవడమే సరైన అనుమతి.

ఇక మీ పిల్లల జాకెట్టు. పెద్దవాళ్ళది పిల్లలకి తొడిగితే నీళ్ళల్లో జాకెట్టు పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారుతుంది. కట్లన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేస్తే అది మీ పిల్లది కాదు, వేరేది అడగండి. అమెరికాలో ఉన్న మీవాళ్ళని అడిగితే చెప్తారు, అక్కడి ఫెడరల్ నిబంధన ప్రకారం 13 ఏళ్ళలోపు పిల్లలు కదిలే బోటు పైభాగంలో ఉన్నంతసేపూ జాకెట్టు వేసుకునే ఉండాలి. మూల గుట్టపోసిన జాకెట్లు తనిఖీకి పనికొస్తాయి, తిరగబడినప్పుడు కాదు.

వచ్చే ఆదివారం మీరు ఎక్కడ ఎక్కినా సరే, కూర్చునే ముందు తలలు లెక్కపెట్టండి. బోర్డు మీద అంకె కోసం వెతకండి. అంకె లేకపోయినా, ఉన్నదానికన్నా ఒక్క తల ఎక్కువైనా దిగిపోండి. టికెట్టు డబ్బులు వెనక్కి అడగండి. ఇవ్వనంటే పోనివ్వండి, మునిసిపల్ కమిషనరు గారికి ఒక కాగితం రాయండి.