చింపేసే కాగితంలో మామిడి పిందె

గిఫ్ట్ పేపర్ ఆయుష్షు ఎంతంటారు? చేతికందాక అర నిమిషం. లోపల ఏముందోనన్న ఆత్రంలో పైన ఏముందో ఎవరూ చూడరు. మా శాంతిపురంలో మాత్రం దానికి రెండో జన్మ ఉండేది. పెళ్లిళ్లలో వచ్చిన కాగితాల టేపును అవ్వ గోటితో మెల్లగా ఊడదీసి, మడతలు సాపుచేసి పరుపు కింద పెట్టేది. జూన్‌లో బడి తెరిస్తే మా పుస్తకాలకు అవే అట్టలు. లెక్కలకు గులాబీలు, సైన్సుకు వెండి చుక్కలు.

ఇప్పుడు ఆ కాగితాల మీదే ఇంట్లో వాదన. ఇంటర్ చదువుతున్న మా చెల్లి డిజైన్ కోర్సులో చేరతానంటోంది. "బొమ్మల కాగితాలు గీసేదానికి గూడా ఒక చదువా?" అంటాడు నాయన. టమాటా ధర నమ్ముకుని బతికే మనిషి, ఆయన భయం ఆయనది. నేను మాత్రం చెల్లి పక్షం.

ఎందుకంటే ఆ కాగితానికి పెద్ద కథే ఉంది. 1917 క్రిస్మస్‌కి అమెరికాలోని కాన్సాస్ సిటీలో హాల్ సోదరుల షాపులో కానుకలు చుట్టే పల్చటి కాగితం అయిపోయింది. కవర్ల లోపల అతికించే ఫ్రెంచి రంగుల కాగితాన్ని తెచ్చి అమ్మకానికి పెట్టారు. చూస్తుండగానే ఖాళీ! వాళ్లదే తర్వాతి హాల్‌మార్క్ కంపెనీ. 1950ల్లో ఆండీ వార్హాల్ చేత్తో స్టాంపులు గుద్ది గిఫ్ట్ పేపర్లు చేశాడు. పాప్ ఆర్ట్‌తో ఆయన ప్రపంచానికి తెలిసింది ఆ తర్వాతే. 1966లో అమెరికాలో కాగితం గౌన్లు కూడా అమ్మారు. వాడి పారేసేది కూడా ఫ్యాషనే అన్న కాలం అది.

అప్పటి డిజైన్లలో పెద్ద పెద్ద పూలు, సుడులు, గులాబీ పక్కనే నారింజ. వాటి మధ్య వంకర తోకతో ఒక ఆకారం, పేరు పైస్లీ. కాశ్మీరు శాలువాలను చూసి నేసిన స్కాట్లాండ్ ఊరి పేరది. మనకు తెలిసిన పేరు మామిడి పిందె! అవ్వ చీర అంచులో ఉండేదే. అంతకు చాలా ముందే, 17వ శతాబ్దంలోనే, మచిలీపట్నం నుంచి అద్దకం బట్టలు ఓడలెక్కి యూరప్ వెళ్లాయి. ఫారిన్ డిజైన్ అని మురిసిపోయేదాంట్లో మన చెయ్యీ ఉందన్నమాట.

ఇక పనితనం. కాగితం మధ్యలో బొమ్మ గీసి, నిలువునా కోసి రెండు ముక్కల స్థానాలు మార్చాలి. తర్వాత అడ్డంగా కోసి మళ్లీ మార్చాలి. అంచులు మధ్యకొస్తాయి. అక్కడ మిగిలిన ఖాళీని నింపితే, ఆ బొమ్మను ఎన్నిసార్లు పక్కపక్కన పేర్చినా అతుకు కనపడదు. చుక్కల ముగ్గు వేసే చేతికి ఈ లెక్క కొత్తేం కాదు. జాతీయ డిజైన్ సంస్థ మన రాష్ట్రంలోనే 2015లో మొదలైంది. ప్రవేశ పరీక్ష రాయాలి, సీట్లు తక్కువ. కానీ దారంటూ ఉంది.

పోయిన వారం చెల్లి టమాటాలతో ఒక డిజైన్ గీసి, ఆరబెట్టడానికి అరుగు మీద పరిచింది. నాయన వచ్చి చాలాసేపు చూసినాడు. మెచ్చుకోలేదు, తిట్టలేదు. "తొడిమ అట్లుండదు మ్మా, ఇట్ల వంగుంటుంది" అని వేలితో గీసి చూపించినాడు.

చెల్లి రబ్బరు తీసుకుంది.